మన ఫొటో అంచు ఎక్కడుందో స్కానర్‌ని చెప్పనివ్వొద్దు



పోడు పట్టాల గొడవ తీరిందా, పోలవరం నిర్వాసితుల గోడు తీరిందా, స్కానర్ గురించి రాయటానికి ఈ పేజీయే దొరికిందా అని కొందరు అడగొచ్చు. తీరలేదు. తీరలేదు కాబట్టే స్కానర్ గురించి రాయాల్సొస్తోంది. ఊళ్లలో మన పిల్లలు ట్రంకు పెట్టెల్లోంచి, దూలం మీది మూటల్లోంచి పాత ఫొటోలు, శిస్తు రసీదులు, తాతల నాటి కాగితాలు బయటికి తీసి స్కాన్ చేస్తున్నారు. చాలా మంచి పని. ఎప్పుడో జరగాల్సింది. కానీ గ్రూపుల్లో తిరుగుతున్న ఆ స్కాన్లు చూస్తే ఒకటే బాధ. ఫొటోలు నీట్‌గా ఉంటున్నాయి, కానీ సగం ఉంటున్నాయి.

ఎలా అంటే, ఇంట్లో ఉండే ప్రింటర్ కమ్ స్కానర్‌లో ఆటో క్రాప్ అని ఒక సదుపాయం ఉంటుంది. ఫొటో అద్దం మీద బోర్లించి బటన్ నొక్కితే అదే అంచులు వెతికి, చుట్టూ ఉన్న తెలుపంతా తీసేసి, ఫొటో మాత్రమే ఇస్తుంది. ఇవ్వాలి. నిజానికి ఏం చేస్తుందంటే, ముందు తక్కువ నాణ్యతతో ఒకసారి చూసుకుంటుంది. మూత లోపలి వైపు తెల్లగా ఉంటుంది కదా, ఆ తెలుపు ఎక్కడ ఆగి రంగు ఎక్కడ మొదలైందో అదే ఫొటో అంచు అనుకుంటుంది. దానికి తెలిసిన లెక్క అంతే.

ఇప్పుడు మన పాత ఫొటోలు గుర్తు తెచ్చుకోండి. వాటి చుట్టూ తెల్లటి పట్టీ ఉంటుంది. మూతా తెలుపే, పట్టీ కూడా తెలుపే. స్కానర్ దృష్టిలో ఆ పట్టీ లేనట్టే, కోసేస్తుంది. ఆ పట్టీ మీదే కదా మన అయ్యలు, మామలు బాల్ పెన్నుతో ఊరి పేరు, తారీఖు రాసింది! ఎండకి వెలిసిపోయిన ఫొటోలో ఆకాశం కూడా తెల్లబారిపోయి ఉంటుంది. అప్పుడు ఆకాశం మొత్తం పోతుంది, దాంతోపాటు చెట్టు కొసలు, గుట్ట శిఖరం పోతాయి. ఎడమ పక్కన తెల్ల పంచె కట్టుకుని నిలబడ్డ తాత కూడా ఒక్కోసారి పోతాడు. రెండు ఫొటోలు దగ్గర దగ్గరగా పెడితే రెండూ కలిపి ఒకటే అనుకుంటుంది. అద్దం అంచుకి ఆనించి పెడితే ఆ అంచున ఉన్న కొన్ని మిల్లీమీటర్లు చాలా స్కానర్లు అసలు చదవవు.

ఇక సైజు గోల వేరే. సాఫ్ట్‌వేర్‌లో ముందే కొన్ని కొలతలు పెట్టి ఉంటాయి. ఏ4 అని, 4 బై 6 అని. మన ఇళ్లలో ఉండేవి 3.5 బై 5 అంగుళాల ఫొటోలు, పోస్టుకార్డు సైజువి, స్టూడియో అతను కత్తెరతో తన ఇష్టప్రకారం కోసినవి. ఏ4 పెడితే తెల్లటి సముద్రంలో తపాలా బిళ్ల అంత ఫొటో వస్తుంది. 4 బై 6 పెడితే ఒక పక్క ఖాళీ, ఇంకో పక్క కోత. పిల్లలకి విసుగొచ్చి ఆటో పెట్టేస్తారు. అక్కడే మొదలవుతుంది నేను చెప్పే నష్టం.

నష్టం అని ఎందుకంటున్నానో చెప్తాను. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. ఆదివాసీ అయితే 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి తన సాగులో, తన ఆధీనంలో ఉండాలి. ఆ సంగతి చూపించటానికి ఏమేం ఆధారాలు పనికొస్తాయో 2008 నాటి నిబంధనల్లో 13వ నిబంధన చెప్తుంది. ప్రభుత్వ కాగితాలు, రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఇంటి పన్ను రసీదు సరే. వాటితోపాటు నేల మీద కనిపించే గుర్తులు కూడా ఆధారమే అంది. ఇల్లు, గుడిసె, చదును చేసిన నేల, కట్టిన గట్లు, చెక్‌డ్యాములు, బావులు, సమాధులు, మన దేవతల చోట్లు. వంశవృక్షం కూడా ఆధారమే. ఊరి పెద్దలు చెప్పిన మాటని రాసిపెడితే అదీ ఆధారమే. వీటిల్లో ఒకటికి మించి చూడాలని కూడా అదే నిబంధనలో ఉంది. శాటిలైట్ బొమ్మలు మిగతా ఆధారాలకి తోడుగా ఉండొచ్చు గానీ వాటి స్థానంలోకి రాకూడదని 2012 సవరణలో స్పష్టంగా చెప్పారు. శాటిలైట్‌లో నీ చేను కనపడలేదు పో అనటం చెల్లదన్నమాట.

మరి 2005కి ముందు నీ గట్టు అక్కడే ఉందని, నీ గుడిసె అక్కడే ఉందని చూపించేది ఏముంది నీ దగ్గర? ఏ ఆఫీసులోనూ లేదు. ఉంటే గింటే మీ అక్క పెళ్లి ఫొటోలో ఉంది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు మధ్యలో ఉంటారు. వెనకాల తాటాకు పందిరి, దాని పక్కన కంది చేను, చేనుకి కట్టిన గట్టు, ఆ మూల చింతచెట్టు కింద పాతిన రాళ్లు. ఫొటో తీసినవాడికి అవేం పట్టలేదు, ఫ్రేములో వచ్చేశాయంతే. ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత ఆ పెళ్లి జంట కంటే ఆ గట్టే ముఖ్యమైపోయింది. రీలు కెమెరాలు కొన్నిటిలో కుడివైపు కింద మూలన నారింజ రంగులో తారీఖు పడేది, గుర్తుందా? మనకి కావాల్సిన తారీఖు ఆ మూలనే ఉంటుంది. ఆటో క్రాప్ కోత పడేదీ, తర్వాత ఫోన్‌లో అందంగా సర్దుతూ మనవాళ్లు కోసేదీ ఆ మూలలే.

ఫొటో ఒక్కటి పట్టుకెళ్తే పట్టా వస్తుందని నేను చెప్పట్లేదు. కెమెరాలో తారీఖు తప్పు పెట్టి ఉండొచ్చని ఎవరైనా అనొచ్చు, అది సబబే. కానీ ఆ ఫొటో పెద్దల ముందు పెట్టి, ఇది ఎవరి చేను, ఈ గట్టు ఎవరు వేశారు, ఈ రాయి ఎవరిది అని అడిగి, వాళ్లు చెప్పింది రాసి వేలిముద్ర వేయించండి. అప్పుడు ఆ మాటకి బలం వస్తుంది. గుర్తు లేని సంగతులు కూడా ఫొటో చూడగానే బయటికొస్తాయి. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, తిరస్కరించిన క్లెయిముల వాళ్లని ఖాళీ చేయించమని ఆదేశాలిచ్చింది. అదే నెల 28న వాటిని తనే నిలిపేసింది. ఆ పదిహేను రోజులు మనవాళ్లకి నిద్రల్లేవు. ఆధారం లేదు అనే ఒక్క మాటతో కొట్టేసిన క్లెయిములు ఎన్నో ఊళ్లలో ఉన్నాయి. ఆధారం మన ట్రంకు పెట్టెలో ఉండి, స్కానర్‌లో పోగొట్టుకుంటే ఎవరిని అడగాలి?

కాగితాల సంగతి ఇంకా ఘోరం. పాత స్టాంపు పేపర్లు, ఒప్పంద పత్రాలు ఏ4 కంటే పొడుగు. ఇంటి స్కానర్ అద్దం దాదాపు 297 మిల్లీమీటర్లు, లీగల్ సైజు కాగితం 356. కింద ఆరు సెంటీమీటర్లు మిగిలిపోతుంది. కాగితం కింది భాగంలో ఏముంటుంది? సంతకాలు, ముద్ర, సాక్షుల పేర్లు. చదువురాని మన పెద్దలు పక్క ఖాళీలో వేసిన వేలిముద్ర. 1/70 చట్టం కింద భూమి తిరిగి రావాలని కొట్లాడే కుటుంబానికి ఆ వేలిముద్రే ప్రాణం. మండల కేంద్రంలో ఒక సెంటర్‌లో నా కళ్ల ముందే ఒక అవ్వ కాగితాన్ని అలా కోసి పీడీఎఫ్ చేసి ఇచ్చారు. ముద్ర పడలేదన్నా అని చెప్తే, సైజులో పట్టలేదు, ఇది చాల్లే అన్నారు. ఎవరికి చాలు?

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి, కొంచెం పక్కకి వెళ్తున్నాననుకోకండి. ఫొటోలో మనల్ని ఎక్కడ కోయాలో వేరేవాళ్లు నిర్ణయించటం ఈనాటిది కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు వేశాడు. మనుషుల ఎత్తు, తలలు, ముక్కులు కొలతలు వేసి రాసుకున్నాడు. అలాంటి పుస్తకాల్లో ఫొటో కింద మనిషి పేరుండదు, జాతి పేరుంటుంది. వెనకాల ఊరుండదు, పక్కన చుట్టాలుండరు. కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక మార్లవాయిలో మకాం పెట్టిన హైమన్‌డార్ఫ్ వేరే రకం మనిషి. మనవాళ్ల మేలు కోరాడు. ఆయన్నీ బెట్టీనీ మార్లవాయి ఇప్పటికీ తన మనుషులుగానే చూసుకుంటుంది. ఆయన తీసిన ఫొటోల్లో ఊరుంది, పండగుంది, చేనుంది. కానీ ఆ సేకరణ ఇప్పుడు లండన్‌లో ఒక యూనివర్సిటీ దగ్గరుంది. ఆన్‌లైన్‌లో పెట్టారు, సంతోషం. అయినా మన తాత మొహం చూసుకోవటానికి లండన్ సర్వర్ తెరవాల్సి రావటం నాకైతే గుచ్చుకుంటుంది. మన ఇళ్లలో ఉన్న ఫొటోలు అలా కాదు. వాటి వెనక మన చేతిరాతతో పేర్లున్నాయి. వాటినైనా మనం పూర్తిగా, మన దగ్గరే ఉంచుకోవాలి.

కాబట్టి పని ఎలా చేయాలో చెప్తాను. పెద్ద విద్యేం కాదు.

మొదట ఆటో క్రాప్ ఆపేయండి. సాఫ్ట్‌వేర్‌లో ఫుల్ ఆటో మోడ్ నుంచి బయటికొస్తే ప్రివ్యూ అనే బటన్ కనిపిస్తుంది. అది నొక్కితే అద్దం మొత్తం బొమ్మ వస్తుంది. దాని మీద మౌస్‌తో చుక్కల గీత పెట్టె గీయొచ్చు. ఆ గీతని ఫొటో అంచు మీద కాదు, అంచుకి నాలుగైదు మిల్లీమీటర్లు బయట గీయండి. ఫొటో నాలుగు మూలలూ, దాని చుట్టూ కొంచెం ఖాళీ కనపడాలి. అప్పుడు చూసినవాళ్లకి తెలుస్తుంది, ఇందులో ఏదీ కోయలేదని. వంకరగా వస్తే రానివ్వండి, తర్వాత సరిచేసుకోవచ్చు. కోసింది మాత్రం తిరిగి అతకదు.

తెల్ల పట్టీ ఫొటోలకి ఒక చిట్కా ఉంది. పది రూపాయల నల్ల చార్టు పేపరు కొని అద్దం అంత సైజుకి కోసి పెట్టుకోండి. ఫొటో బోర్లించాక దాని వీపు మీద ఈ నల్ల కాగితం పరిచి మూత వేయండి. ఇప్పుడు తెల్ల అంచు నలుపు మీద స్పష్టంగా కనిపిస్తుంది. ఒకవేళ ఆటో క్రాపే వాడాల్సొచ్చినా, వందల ఫొటోలున్నప్పుడు వాడాల్సి రావచ్చు, అది కూడా అప్పుడు సరిగ్గా పట్టుకుంటుంది. పైగా పల్చటి కాగితాలకి వెనక వైపు రాత ముందుకి కనపడే బెడద తగ్గుతుంది. ఒకేసారి మూడు నాలుగు పెడితే మధ్యలో రెండు సెంటీమీటర్లు ఎడం వదలండి. అద్దం అంచు నుంచి వేలెడు దూరం జరపండి. అద్దం తుడుస్తూ ఉండండి, మన దుమ్ము సంగతి మీకు తెలుసు.

డీపీఐ గురించి అందరూ అడుగుతారు. అంగుళానికి ఎన్ని చుక్కలుగా చదవాలి అన్నదే ఆ లెక్క. కాగితాలకి 300 చాలు. ఫొటోలకి 600 పెట్టండి. అప్పుడు 3.5 బై 5 అంగుళాల ఫొటో 2100 బై 3000 పిక్సెళ్లు వస్తుంది, వెనకాల ఉన్న గట్టుని పెద్దది చేసి చూడొచ్చు. పాస్‌పోర్టు సైజు ఫొటో ఒక్కటే మిగిలిన మనుషులు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. పోయిన నాయనమ్మకి రేషన్ కార్డు కోసం దిగిన ఫొటో తప్ప ఇంకోటి ఉండదు. దానికి 1200 పెట్టండి. ఫైలు బరువైతే అవ్వనివ్వండి.

ప్రతి ఫొటోకి వెనక వైపు కూడా స్కాన్ చేయండి. ఖాళీగా ఉన్నట్టు కనిపించినా సరే. స్టూడియో ముద్ర, ల్యాబ్ నంబరు, పెన్సిలుతో రాసి చెరిగిపోయిన పేరు స్కాన్‌లో ఒక్కోసారి కంటికంటే బాగా కనిపిస్తాయి. పొడుగు కాగితాలైతే పై భాగం ఒకసారి, కింది భాగం ఒకసారి, మధ్యలో నాలుగైదు వరసలు రెండిట్లోనూ వచ్చేలా తీయండి. రెండూ అలాగే ఉంచండి. అతికించింది కావాలంటే వేరే కాపీ చేసుకోండి.

ఫ్రేము కట్టిన ఫొటో చెమ్మకి అద్దానికి అంటుకుపోతే పీకొద్దు. మొహం ఊడి అద్దంతో వచ్చేస్తుంది. చవక స్కానర్లు అద్దం మీద ఆనిన దాన్నే స్పష్టంగా చదువుతాయి, మధ్యలో ఇంకో అద్దం ఉంటే మసకేస్తుంది. అలాంటివాటిని నీడలో పెట్టి, సరిగ్గా ఎదురుగా నిలబడి ఫోన్‌తో తీయండి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటినప్పుడు మునిగిన ఇళ్లలో ఇలా అంటుకుపోయిన ఫొటోలు ఎన్నో. స్కానర్ లేని చోట ఫోనే దిక్కు, తప్పులేదు. కానీ కాగితాలు స్కాన్ చేసే యాప్‌లతో జాగ్రత్త. అవి కాగితాన్ని తెల్లగా చేసే ఫిల్టరు వేస్తాయి, దాంతో వెలిసిన సిరా, పెన్సిలు గీత మాయమైపోతాయి. ఫిల్టరు తీసేసి మామూలు రంగులో ఉంచండి.

అప్లికేషన్‌కి ఫొటో కావాలంటే? అక్కడ కోయక తప్పదు, కోయండి. 3.5 బై 4.5 సెంటీమీటర్లు అంటే 300 డీపీఐ దగ్గర 413 బై 531 పిక్సెళ్లు. 50 కేబీ లోపు అని అడిగితే జేపీజీ నాణ్యత తగ్గించి సేవ్ చేయండి. సెంటీమీటర్లు వేరు, పిక్సెళ్లు వేరు, కేబీ వేరు. ఈ మూడిటికీ సైజు అనే పేరే పెట్టి మన పిల్లల్ని హాస్టల్ అడ్మిషన్ దగ్గర, స్కాలర్‌షిప్ దగ్గర రోజంతా తిప్పుతున్నారు. ఫారంలో మూడూ విడివిడిగా, తెలుగులో రాస్తే ఏం పోతుంది? ఇది ఐటీడీఏల ముందు పెట్టాల్సిన డిమాండే అని నా అభిప్రాయం. చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఫొటో సైజు తప్పని అప్లికేషన్ వెనక్కొస్తే ఏజెన్సీ పిల్లకి ఒక రోజు కూలీ, బస్సు చార్జీ పోయినట్టే. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. కోసేది కాపీని. అసలు స్కాన్ టిఫ్ ఫైలుగా ముట్టకుండా పక్కన ఉండాలి. వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అది నలిపి పంపుతుంది.

ఇదంతా చదివి ఒక తమ్ముడు అన్నాడు, అన్నా, చుట్టూ ఖాళీతో, వంకరగా, మరకలతో ఉన్న ఫొటో పోస్ట్ చేస్తే ఎవరు చూస్తారు, నీట్‌గా ఉంటేనే లైకులొస్తాయి అని. అతని మాటలో నిజం ఉంది. ఊళ్లో అమ్మకి ఇవ్వటానికి, ఆగస్టు 9న ఫ్లెక్సీ వేయటానికి నీట్ కాపీ చేసుకుందాం, ఎవరొద్దన్నారు. కానీ ఆధారం అనేది అందంగా ఉండాల్సిన పనిలేదు. మరక కూడా ఆ కాగితం వయసు చెప్తుంది. మనం తుడిచేస్తే, రేపు ఇది మీరే తయారు చేశారు అంటే జవాబు ఉండదు.

ఇంకొందరు, ఇవన్నీ ఏ యూనివర్సిటీకో ఇచ్చేస్తే వాళ్లే చూసుకుంటారు కదా అంటారు. కాపీ ఇద్దాం. మొదటి హక్కు మాత్రం గ్రామసభది. అటవీ హక్కుల కమిటీ దగ్గర ఒక హార్డ్ డిస్కు, వేరే ఊళ్లో ఇంకో కాపీ, ఇంటి ఫొటోలు ఆ ఇంటివాళ్లకి తిరిగి అదే రోజు. ఎవరి ఫొటో అయినా బయట పెట్టాలంటే ఆ ఇంటి ఆడవాళ్లని కూడా అడగాలి. వేల్పుల ఫొటోలు, కొలుపుల్లో తీసినవి కొన్ని ఇంటిగోడ దాటకూడనివి ఉంటాయి. ఏది దాటొచ్చో చెప్పాల్సింది పెద్దలు, స్కాన్ చేసే కుర్రాడు కాదు. ఆధార్, పట్టా నంబర్లు ఉన్నవి గ్రూపుల్లో అసలు వేయొద్దు.

ఫైలుకి పేరు పెట్టేటప్పుడు ఐఎంజీ 0047 అని వదిలేయకండి. ఊరు, ఇంటిపేరు, సుమారు సంవత్సరం, నంబరు, ముందా వెనకా. ఒక నోటుబుక్కులో అదే నంబరు వేసి, ఫొటోలో ఎడమ నుంచి కుడికి ఎవరెవరున్నారో, వాళ్ల గట్టు ఏదో, గోండు ఊళ్లయితే ఏ సగా వాళ్లో, వెనకాల కనిపించే చేను ఎవరిదో, ఈ సంగతులు చెప్పింది ఎవరో, ఏ రోజు చెప్పారో రాయండి. వంశవృక్షం రాయాల్సొచ్చినప్పుడు సగం పని ఈ నోటుబుక్కులోనే అయిపోయి ఉంటుంది. స్కానర్ ఎప్పుడైనా దొరుకుతుంది. ఎడమ నుంచి మూడో మనిషి పేరు చెప్పగలిగిన అవ్వ మీ ఊళ్లో ఒక్కతే ఉండొచ్చు. అందుకని నోటుబుక్కు ముందు మొదలుపెట్టండి, స్కానింగ్ వానలు తగ్గాక పెట్టుకున్నా సరే.

మీ ఊళ్లో స్కానర్ లేకపోతే ఈ పేజీకి మెసేజ్ పెట్టండి. దగ్గర్లో ఎవరి దగ్గరుందో చూసి కలుపుతాం. నల్ల చార్టు మాత్రం మీరే తెచ్చుకోండి.

జై సేవా. జోహార్.